రెండు పొరల కొండ

మా పనంతా బొమ్మల వెనక. చిత్రకారుడు కాగితం మీద బొమ్మ వేసి పంపిస్తాడు. మేము దాని వెనక మరో రెండు కాగితాలు అంటించి, చుట్టూ పట్టు అంచు అతికి, కింద గుండ్రటి కర్ర వేసి, గోడకు వేలాడదీయడానికీ అక్కర్లేనప్పుడు చుట్టి పెట్టెలో దాచుకోవడానికీ వీలుగా పటం కట్టి ఇస్తాం. ముందువైపు ఏముందో మాకు అనవసరం. కొండను తలకిందులుగా గీసి కట్టమన్నా కడతాం. మా ఆయన ఈ మాట తరచూ అనేవాడు. ఆయన పోయాక దుకాణం నేనే నడుపుతున్నాను, ఆ మాట కూడా నేనే అంటున్నాను. ఒక్కసారి మాత్రం ముందువైపు సంగతిలో వేలుపెట్టాను.

మా ఊరు మురకామికి రైలు వచ్చిన మూడో ఏడు, చలికాలం మొదట్లో, కొషియా దుకాణం పెద్దాయన పోయాడు. సాల్మన్ చేపకు ఉప్పు పట్టించి, చూరుకు వేలాడగట్టి, చలిగాలికి ఆరబెట్టి అమ్మడంలో ఆయన్ని మించినవాడు మా ఊళ్లో లేడు. ఆయనకిద్దరు కొడుకులు. పెద్దవాడు టొమిజోకి నలభై ఆరు, చిన్నవాడు కన్పెయికి నలభై మూడు. తండ్రి ఎదట ఏనాడూ నోరెత్తి ఎరగరు. నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిసిన మర్నాడు పంపకాలకు కూర్చున్నారు.

అన్నీ సమంగా పంచుకున్నారు. కత్తులు సరిసంఖ్యలో ఉన్నాయి, పంచుకున్నారు. పీపాలు బేసిసంఖ్యలో ఉన్నాయి, మిగిలినదాన్ని పగలగొట్టి చెక్కలు పంచుకున్నారు. ఇంటి మధ్యన పలకల గోడ కట్టారు. చేపలు కోసే పొడుగాటి చెర్రీ చెక్క బల్లను రంపంతో రెండు ముక్కలు చేసుకున్నారు. ఏ ముక్క మీదా చేప పట్టలేదు. ఇద్దరూ కొత్త బల్లలు చేయించుకున్నారు.

చివరికి మిగిలింది పటం.

మనిషెత్తు పటం. అడుగున రాళ్లు, రాళ్ల మధ్య ఏరు, ఏటి మీద వంతెన, వంతెన మీద చేతికర్రతో ఒక మనిషి. అవతలి గట్టున పైన్ చెట్టు కింద గుడిసె. ఆ పైన అంతా కొండ. నల్లటి కొండ. దాన్ని గీసింది మా ఊరి టన్సెకి మాస్టారు, తన ముప్పై ఎనిమిదో ఏట. టన్సెకి అంటే పాలిపోయిన రంగు రాయి అని అర్థం. ఆ పేరు ఆయనకు గురువు పెట్టాడట, కాస్త ఆశతో కాబోలు. మాస్టారి సిరా మాత్రం ఏనాడూ పాలిపోలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని చాటుగా బొగ్గుల మాస్టారు అంటారు.

నిజానికి ఆ కొండ చైనాలోది. మాస్టారు దాన్ని చూడలేదు, ఆయన గురువూ చూడలేదు. కొషియా పెద్దాయన మాత్రం అది మా మియొమొతె ఏరేననీ, ఆ గుడిసె తన తాత చేపల కాపలాకు వేసుకున్న గుడిసేననీ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. మాస్టారిని అడిగితే, "ఎలా కనిపిస్తే అలా చూడండి" అనేవాడు. ఏటా ఏట్లోకి చేపలు ఎదురెక్కే రోజుల్లో పెద్దాయన ఆ పటాన్ని ముందుగదిలో పటాల కోసమే వదిలిన నిలువెత్తు గూట్లో వేలాడదీసి, మొదటి చేపను దాని ముందు పెట్టేవాడు. అంచేత కొడుకులిద్దరికీ పటం అదే నెలలో కావాలి. ఆరేసి నెలలు ఉంచుకోండర్రా అని ఊళ్లో పెద్దలు చెప్పారు. చేపల్లేని ఆరునెలలు ఎవరికి కావాలి?

ఇద్దరూ కలిసి నా దుకాణానికి వచ్చారు. వాళ్లు పక్కపక్కన నడవగా చూడటం ఊళ్లోవాళ్లకు ఆ వారమే ఆఖరు.

"నుయి గారూ, ఇది రెండు చెయ్యాలండి," అన్నాడు టొమిజో, పటం పెట్టెను నా ముందు పెట్టి.

"నిలువుగా కొయ్యమంటారా, అడ్డంగానా?" అన్నాను. వెటకారంగానే అన్నాను.

"నిలువుగా కోస్తే వంతెన మీద మనిషి వాడి వాటాలోకి పోతాడు," అన్నాడు టొమిజో.

"అడ్డంగా కోస్తే కొండ మొత్తం అన్నయ్యకి పోతుంది. నాకు రాళ్లు మిగుల్తాయి," అన్నాడు కన్పెయి.

అంటే అదీ ఆలోచించుకునే వచ్చారన్నమాట.

అప్పుడు కన్పెయి కాస్త ముందుకు జరిగి గొంతు తగ్గించాడు. "క్యోటోలో కాగితాన్ని పొరలుగా ఊడదీస్తారటగా? పైపొర మీదా బొమ్మ ఉంటుందట, కింది పొర మీదా ఉంటుందట. మీ ఆయనకి కూడా ఆ పని వచ్చునని విన్నాం."

వచ్చు. నాకూ నేర్పాడు. చైనా నుంచి వచ్చే దళసరి కాగితం రెండు పొరలు కలిపి చేసింది. సిరా పైపొర దాటి కిందకి దిగితే, తెలిసినవాళ్లు ఆ రెంటినీ విడదీయగలరు. మా వృత్తిలో అది బయట చెప్పుకునే విద్య కాదు. ఒక బొమ్మని రెండు చేసి ఇద్దరికి అంటగట్టేవాళ్ల పని అది. మా ఆయన పాత ఉత్తరాల మీద నేర్పాడు, నేను పాత ఉత్తరాల మీదే నేర్చుకున్నాను.

"మాస్టారిని అడిగారా?" అన్నాను.

"ఎందుకడగాలి? ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు. మా దగ్గర కొన్న చేపని ముక్కలు కోసుకుంటారో పులుసు పెట్టుకుంటారో మేం అడుగుతున్నామా?" అన్నాడు టొమిజో.

నేను కుదరదన్నాను. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చి కూర్చున్నారు. వాళ్లిద్దరూ కూర్చుంటే దుకాణమంతా చేప వాసన. నా జిగురు పదేళ్లు మాగబెట్టిన గోధుమ జిగురు, ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది. జిగురు పాడవుతుందనే ఒప్పుకున్నానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నేను ఆ పని చెయ్యగలనో లేదో తెలుసుకోవాలనిపించింది. ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండేది.

పాత కట్టు విప్పడానికే నాలుగు రోజులు పట్టింది. అది మా మామగారు కట్టిన పటం. ఆయన జిగురు ఆయన మాటలాగే గట్టిది. అయిదో రోజు పొద్దున్నే, మంచు వెలుగు కిటికీలోంచి బల్ల మీద పడే వేళకి, అన్నదమ్ముల్ని బయటికి పంపేశాను. ఎదురుగా ఉన్న నూడుల్స్ దుకాణంలో చెరో మూలా కూర్చున్నారు.

బొమ్మను బోర్లా పరిచి కుంచెతో నీళ్లు రాసి తడిపాను. ఒక మూలను వేలి కొసతో రుద్దుతూ కూర్చున్నాను. ఎంతసేపటికో చెవి తమ్మె అంత పొర లేచింది. ఆ తర్వాత నేను ఊపిరి పీల్చిన గుర్తు లేదు. సన్నటి వెదురుపుల్లకి ఆ పొరను చుట్టుకుంటూ, తడుపుతూ, చుట్టుకుంటూ, వేలెడు చొప్పున ముందుకు కదిలాను. మధ్యాహ్నం గంట కొట్టేసరికి రెండో చివర కూడా ఊడివచ్చింది. ఎక్కడా చిరగలేదు.

ఇంకెవరి బొమ్మయినా అయితే కింది పొర మీద నాలుగు మరకలు మిగిలేవి. మాస్టారి సిరా కనక అడుగుదాకా దిగింది.

కింది పొరను వెలుగులో పరిచి చూశాను. రాళ్లు నలుపు పోయి బూడిదరంగులోకి తిరిగాయి. గుడిసె లేదు. గుడిసె ఉన్నచోట, అక్కడ ఎవరో ఉంటున్నారనిపించే మసక ఉంది. కొండ కనిపించడం లేదు గాని అక్కడ ఉన్నట్టు తెలుస్తోంది, మా ఏటి మీద తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు తెలిసినట్టు. పైపొర మీద వంతెన మనిషి నిలబడి ఉన్నాడు. ఇక్కడ నడుస్తున్నాడు. కుంచెకున్న తడి ఆరిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను.

రెండింటికీ వెనక కాగితాలు అంటించి, ఆరబెట్టి, ఒకేరకం పట్టుతో రెండు పటాలు కట్టాను. తేడా ఒకటే: మాస్టారు సంతకంగా వేసిన ఎర్ర ముద్ర పైపొర మీదే ఉండిపోయింది. ముద్ర రంగు నూనెతో కలిపేది, కిందకి దిగదు. పుల్లలు తీసి పంచుకోండని చెప్పాను. పొడుగు పుల్ల టొమిజోకి వచ్చింది. ముద్ర ఉన్న నల్ల బొమ్మ అతనిదైంది.

కన్పెయి తన వాటాను విప్పి చాలాసేపు చూశాడు.

"దీన్ని ఉతికారా?" అన్నాడు.

"లేదు."

"ఉతికి ఆరేసినట్టుంది," అని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అయినా తన వాటా తనది కాబట్టి గూట్లో వేలాడదీశాడు. చేపల కాలం కాకపోయినా వేలాడదీశాడు, పలకల గోడ అవతల అన్నయ్య అప్పటికే తనది వేలాడదీశాడు గనక.

వేసవి మొదట్లో తేయాకు కొనడానికి నీగతా నుంచి రైల్లో ఒకాయన వచ్చాడు. చేప కూడా కొందామని కన్పెయి వైపు దుకాణంలోకి అడుగుపెట్టి, ముందుగదిలోకి తలతిప్పి, చెప్పులు విప్పి లోపలికెళ్లి కూర్చున్నాడు. గంట కూర్చున్నాడు. రైలు తప్పిపోయింది. మర్నాడు రైలుకి వెళ్లేముందు మళ్లీ వచ్చి ఇంకో గంట కూర్చున్నాడు. కన్పెయి చేప సంగతి ఎత్తితే, "చేప గురించి ఇప్పుడు మాట్లాడొద్దు" అన్నాడట. అంతటి అవమానం కొషియా దుకాణానికి అంతకుముందు జరగలేదు. కాని ఆయన బొమ్మలు ఎరిగినవాడని పేరున్నవాడు. పదిరోజుల్లో ఊళ్లో బడిపంతుళ్లు, వైద్యుడు, గుడి పూజారి వరసపెట్టి వచ్చి ఆ పటం ముందు కూర్చుని నిట్టూర్చారు. వెళ్తూ వెళ్తూ పక్కవైపు కూడా తొంగి చూసేవారు. "ఓహో, ఇది మొదట వేసిందా," అనేవారు టొమిజోతో, ఓదార్పుగా.

టొమిజో పలకల గోడ దగ్గరికెళ్లి అరిచాడు. "ఒరే కన్పెయీ! మార్చుకుందాం రా. నీకు ముద్ర ఉన్నదే ఇస్తాను."

"వద్దులే అన్నయ్యా. ముద్ర నీకే అందం," అన్నాడు అవతల్నుంచి తమ్ముడు.

"పుల్లలు తియ్యడంలో మోసం జరిగింది!"

"పొడుగుపుల్ల తీసింది నువ్వేగా?"

"అదే మోసం!"

వారంపాటు ఈ మాటలే. కొనేవాళ్లు రెండువైపులా వింటూ మధ్యలో నిలబడేవారు. చివరికి టొమిజోకి ఒక ఆలోచన వచ్చింది. ఏది అసలైన బొమ్మో గీసినాయనే చెప్పాలి. ఆయన దేన్ని కాదంటే దాన్ని తగలబెట్టేద్దాం. కన్పెయి సరేనన్నాడు. ఇద్దరూ కలిసి నడవరు గనక, రెండు పెట్టెలూ మోసుకుని నేను మధ్యన నడవాలి. ఒకడు ముందు, ఒకడు వెనక. మాస్టారికి ఈ సంగతేదీ తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఆయన బొమ్మలు కడుతున్నదాన్ని, ఒక్కమాట చెప్పి ఉండవచ్చు. ప్రతివారం చెబుదామనుకుంటూనే అయిదు నెలలు గడిపాను.

మాస్టారికి అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఊరి చివర ఏటివైపు ఇల్లు. ఆయన, ఆయన భార్య హిసె అమ్మగారు, ఇద్దరే. వాన పడుతోంది. హిసె అమ్మగారు టీ, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు తెచ్చి పెట్టింది. నేను మొదట నల్లదాన్ని విప్పాను.

మాస్టారు కళ్లు చిట్లించి చూశాడు. "నాదే. ఆ మూడో రాయి దగ్గర నలుపు మరీ ఎక్కువైంది. చిన్నతనం."

"అప్పుడే కాదు, ఇప్పుడూ అంతేగా," అంది హిసె అమ్మగారు టీ పోస్తూ. "నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను, కాస్త సిరా తగ్గించండీ అని."

నేను రెండోది విప్పాను.

మాస్టారు టీ కప్పు కింద పెట్టాడు. లేచి దగ్గరికి వెళ్లాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూరు నీళ్లు పడే చప్పుడు వినిపిస్తోంది. టొమిజో నోట్లో ముల్లంగి ముక్క పెట్టుకున్నవాడు నమలడం ఆపేశాడు.

"ఎవరు వేశారు?" అన్నాడు మాస్టారు.

అన్నదమ్ములిద్దరూ నావైపు చూశారు. మాట్లాడుకోకుండానే వాళ్లిద్దరూ ఒప్పుకున్న ఒకే ఒక్క సంగతి అది.

"మీరే మాస్టారూ," అన్నాను.

"నాకు ఇలా రాదు."

అప్పుడు చెప్పాను. నీళ్ల దగ్గర్నుంచి పుల్లల దాకా అన్నీ చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోపం వచ్చింది, కాని నేననుకున్న చోట రాలేదు. ఆయన అన్నదమ్ముల వైపు తిరిగాడు.

"మీరు కొషియా బిడ్డలే కదర్రా? చేప కడుపు కూడా పూర్తిగా కొయ్యని ఊరు ఇది. మధ్యలో నాలుగువేళ్ల మేర వదిలేసి కోస్తారు, పూర్తిగా చీలిస్తే అపచారమని. చేపకున్న మర్యాద నా బొమ్మకి లేకపోయిందా? ఈ చివర్నుంచి ఆ చివరకి చీల్చేశారు!"

టొమిజో నోట్లో ముక్క మింగి, "ఇంతకీ ఏది అసలుదో చెప్పండి మాస్టారూ," అన్నాడు.

"పది రోజులు ఇక్కడే ఉండనివ్వండి. చెప్తాను."

నాలుగో రోజుకి నాకు మనసు ఆగలేదు, వెళ్లాను. హిసె అమ్మగారు తలుపు తీసింది.

"రా అమ్మాయ్. కాగితాలు తొక్కకు. తొక్కకుండా రాలేవులే, తొక్కే రా."

గది నిండా కాగితాలు. చాపల మీద, పెట్టెల మీద, పిల్లి పడుకునే గంప మీద. అన్నింటి మీదా అదే ఏరు, అదే వంతెన. ఒకదాంట్లో సిరా నీళ్లై కారిపోయింది. ఒకదాంట్లో మంచు ముద్దగా పేరుకుంది. మాస్టారి చేతులు మోచేతుల దాకా బూడిదరంగు. నన్ను చూసి తలెత్తలేదు.

"ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు మాస్టారూ. తీశాను, అంతే."

"తీసింది ఎక్కడికి పోయింది?"

"పైదాని మీద ఉంది."

ఆయన కుంచె కింద పెట్టాడు. "ఎన్ని కట్టావు నావి, ఇన్నేళ్లలో?"

"రెండొందల పైనే."

"అయితే ఆ రెండొందలింటి కిందా ఇంకో రెండొందలు ఉండి ఉంటాయి. నువ్వు వాటి వెనక జిగురు రాసి కప్పేశావు. నేను వాటి మీద నలుపు పూసి కప్పేశాను. మనిద్దరి మధ్యన ఇరుక్కుని ఉన్నాయి."  

తనకెంతో ఇష్టమని ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న బొమ్మ ఒకటి తీశాడు. అదే కాగితం, అదే కాలం నాటిది. దీన్ని ఊడదియ్యి అన్నాడు. వద్దన్నాను. నీకు అలవాటైన పనేగా అన్నాడు.  మర్నాడు సామాను తెచ్చుకుని అక్కడే, ఆయన చూస్తుండగా ఊడదీశాను. పొర చక్కగా వచ్చింది. దాని మీద మాత్రం బొమ్మ లేదు. అక్కడక్కడా చుక్కలు, రెండు గీతలు. పిల్లి తడికాళ్లతో నడిచినట్టుంది.

మాస్టారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటికి ముఖం వాలిపోయింది.

"అంటే అన్నింటి కిందా లేదన్నమాట."

"లేదు మాస్టారూ."

"ఆ ఒక్కదాని కిందే."

"ఆ ఒక్కదాని కిందే."

"ఆ రోజు ఏం చేశానో గుర్తు రావడం లేదే!"

"నాకు గుర్తుంది," అంది హిసె అమ్మగారు పక్కగదిలోంచి. "ఆ రోజు మీకు పన్నునొప్పి. దవడకి గుడ్డ కట్టుకుని, పళ్లు నూరుకుంటూ, కుంచెని కాగితంలోకి దిగ్గొడుతూ కూర్చున్నారు. చాపకి కూడా అంటుకుంటుందేమోనని నేను కింద పాతగుడ్డ పరిచాను."

మాస్టారు నాలుకతో నోరంతా తడుముకున్నాడు.

"ఇప్పుడు నొప్పెట్టడానికి పళ్లేవీ," అంది ఆవిడ.

ఆయన ఆ రోజు ఇంకేమీ గీయలేదు. వరండాలో కూర్చుని ఏటివైపు చూశాడు. నేను సామాను సర్దుకుంటుంటే మెల్లగా అన్నాడు: "నాకు తెలియకుండా నా చెయ్యి ఒకసారి బాగా గీసింది. అదే నయం. తెలిస్తే చెడగొట్టేవాణ్ని." నన్ను ఓదార్చడానికి అన్నాడో, తనను తాను ఓదార్చుకోవడానికి అన్నాడో తెలియదు. నేను వంటింట్లోకెళ్లి హిసె అమ్మగారి దగ్గర కాసేపు ఏడ్చాను. ఆవిడ నాకు ముల్లంగి పెట్టింది.

పదో రోజు అన్నదమ్ములు వచ్చారు. టొమిజో అగ్గిపెట్టె కూడా తెచ్చుకున్నాడు. మాస్టారు ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాడు. ముందు నల్లదాన్ని చూపించాడు.

"ఇది నాది. మొత్తం నాదే, తప్పులతో సహా. దీనికి ఇంకేమీ చెయ్యను."

తర్వాత రెండోదాన్ని బల్ల మీద పరిపించి, మూలన సన్నటి అక్షరాలతో రాశాడు: గీసినది టన్సెకి, చూపినది నుయి. పక్కన ముద్ర వేశాడు. రంగు డబ్బా నావైపు జరిపాడు.

"బొటనవేలు వెయ్యి."

"అమ్మో, నేనా? మేం వెనకవైపు వాళ్లం మాస్టారూ."

"అయితే వెనకే వెయ్యి."

వెనకే వేశాను. ఆ వేలిముద్ర ఇప్పుడు కనపడదు. ఆ వారమే దాని మీద ఇంకో కాగితం అంటించాను. అది నా వృత్తి.

అన్నదమ్ములు ఆ రాతను చాలాసేపు కూడబలుక్కుని చదివారు. ముందు టొమిజో ముఖం విప్పారింది. "అంటే నాది పూర్తిగా మాస్టారిది. వీడిదాంట్లో సగం నుయి గారిది."

కన్పెయి ముఖం కూడా విప్పారింది. "అంటే నాదాని మీద మాస్టారి రాతా ఉంది, ముద్రా ఉంది. అన్నయ్యదాని మీద ఉత్త ముద్రే."

ఇద్దరూ మాస్టారికి వంగి దండం పెట్టి వెళ్లిపోయారు. ఒకడు ముందు, ఒకడు వెనక. వాకిట్లోంచి వెళ్తూ టొమిజో నా చెవిలో, "తమ్ముడికి అన్యాయం జరిగింది, పాపం. వాడికి చెప్పకండి," అన్నాడు. వీధి మలుపు దగ్గర కన్పెయి ఆగి అదే మాట అన్నయ్య గురించి అన్నాడు. నేను ఇద్దరికీ సరేనన్నాను.

నెల తిరక్కుండా టొమిజో పెట్టె పట్టుకుని మళ్లీ నా దుకాణానికి వచ్చాడు.

"నుయి గారూ, నాదాన్ని ఇంకోసారి ఊడదీస్తే?"

"ఇంకేం లేదు టొమిజో గారూ. రెండు పొరలే."

"కొంచెం పల్చగా అయినా పర్లేదు."

"మీ చేపలు ఎండుతున్నాయో లేదో చూసుకోండి," అన్నాను.

మాస్టారు మళ్లీ బొమ్మలు మొదలుపెట్టాడు. పల్చటి సిరా జోలికి పోలేదు. ఇంకా నల్లగా వేశాడు. ఒక కొండయితే మరీ నలుపు, కట్టేటప్పుడు నాకు ఏది కొండో ఏది ఆకాశమో తెలియక హిసె అమ్మగారిని అడిగాను. ఆవిడకీ తెలియలేదు. చేతినిండా పని ఉంది, ఆయన సంతోషంగానే ఉన్నాడు. అడుగున ఏముందో చూడమని నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ చూడలేదు.

చేపలు ఎదురెక్కే నెలలో మాత్రం ఏటా మాస్టారు కన్పెయి ఇంటికి వచ్చేవాడు. పటం ముందు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. మొదటి ఏడు టొమిజో అలిగాడు. అంచేత రెండో ఏడాదినుంచి మాస్టారు అటుకూడా వెళ్లి కూర్చునేవాడు, కాసేపు, కళ్లు మూసుకుని. టొమిజో అది భక్తి అనుకునేవాడు. రెండిళ్లలోనూ చేప వడ్డించేవారు. రెండిళ్లలోనూ తినేవాడు. తమ్ముడింట్లో ఉప్పు సరిగ్గా పడిందని అన్నతో, అన్న ఇంట్లో సరిగ్గా పడిందని తమ్ముడితో చెప్పేవాడు. ఆ ఇద్దరూ ఉప్పు గురించి పలకల గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అరుపులే గాని, మాటలే.

నాలుగో ఏడు ఆయన నడవలేకపోయాడు. కన్పెయి మంచుబండి మీద కూర్చోబెట్టి లాక్కొచ్చాడు, వెనక టొమిజో తోశాడు. నేనూ హిసె అమ్మగారూ పక్కన నడిచాం. కన్పెయి ఇంట్లో ఆయన చాలాసేపు పటం చూశాడు. కళ్లు సరిగ్గా ఆనడం లేదు, దగ్గరికి జరపమన్నాడు.

"ఆ మనిషి వంతెన దాటాడా?" అని అడిగాడు.

కన్పెయి నావైపు చూశాడు. నేను పటం వైపు చూశాను.

"ఇంకా లేదు మాస్టారూ. మధ్యలో ఉన్నాడు," అన్నాడు కన్పెయి.

"తొందరేం లేదు," అన్నాడు మాస్టారు. పళ్లు లేవు గనక హిసె అమ్మగారు చేపముక్కను వేళ్లతో చిదిమి పెట్టింది. రెండు ముక్కలు తిన్నాడు. కన్పెయి "చాలా?" అని అడిగితే, ఇంకొకటి పెట్టమన్నాడు.